చొప్పదండి కారులో ఆరని పసుపు దీపం

సోమవారం ఉదయం ఎనిమిది గంటల నలభై నిమిషాలకు నా ఫోన్ మోగింది.

“పెద్దమ్మా, జర జల్ది రావా? రాజమల్లన్న బండి మల్ల పట్టుకొచ్చి నా షాపు ముంగట పెట్టిండు. దీపం వెలిగింది, ఆరుతలేదు. అందరు నన్నే అంటున్నరు.”

ఫోన్ చేసింది మౌనిక. జమ్మికుంట అమ్మాయి. నా దగ్గర నాలుగేళ్లు బండ్ల వైరింగ్ పని నేర్చుకుంది. కరీంనగర్ బైపాస్ రోడ్డు మీద సొంత షాపు పెట్టి అప్పటికి ఆరు నెలలు కూడా కాలేదు. ఆమె ఏడ్చే మనిషి కాదు. ఆ రోజు ముక్కు ఎగబీల్చుకుంటూ మాట్లాడింది.

కొలత టేపు, టార్చి, మీటరు సంచిలో వేసుకుని ఆటో ఎక్కాను. ఉన్నమాట చెప్పాలంటే నాకు భయం కంటే సంబరమే ఎక్కువగా ఉంది. పని మానేసి మూడేళ్లయింది. ఆ మూడేళ్లలో మా ఇంటి మిక్సీ తప్ప చెడిపోయిన వస్తువేదీ నా చేతికి రాలేదు. ఆటోలో కూర్చుని ‘ఏ దీపం? ఎప్పుడు వెలిగింది? ఏం చేస్తే వెలిగింది?’ అని ప్రశ్నలు వరసగా పేర్చుకుంటున్నాను. పరీక్షకు బాగా చదివి పోతున్న పిల్లలా ఉంది నా పరిస్థితి.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. బస్సు డిపోలో నేను ఏ గ్రేడు నుంచి ఏ గ్రేడుకు ఎక్కానో, నా సెలవు కాగితాలు ఎవరు ఆపారో ఇందులో ఉండవు. వాటి నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోరు. ఆ సోమవారం నుంచి బుధవారం దాకా జరిగింది చెబుతాను. ఆ మూడు రోజుల్లో నాకు గుర్తొచ్చిన ఇద్దరి గురించి చెబుతాను.

కారు, కారు గలాయన

రాజమల్లుది చొప్పదండి. గల్ఫ్‌లో ఒక పెద్దింట్లో పద్దెనిమిదేళ్లు డ్రైవర్‌గా పనిచేశాడు. అక్కడ తాను నడిపినలాంటి బండే ఇక్కడా ఉండాలని హైదరాబాద్‌లో ఒక పాత విదేశీ కారు కొన్నాడు. నల్లది, పెద్దది. దాన్ని పెళ్లిళ్లకు, ఆస్పత్రి ప్రయాణాలకు కిరాయికి తిప్పుతాడు. నడుము విరిగినవాళ్లను, కాన్పు దగ్గరపడ్డ ఆడవాళ్లను కుదుపు లేకుండా తీసుకుపోయే బండి అని చుట్టుపక్కల దానికి పేరు.

కుదుపు ఎందుకు ఉండదంటే ఆ కారుకు ఇనుప స్ప్రింగులు లేవు. నాలుగు చక్రాల దగ్గర నాలుగు రబ్బరు బెలూన్లు ఉంటాయి. చిన్న కంప్రెసర్ ఒకటి వాటిలో గాలి నింపుతుంది. ప్రతి చక్రం దగ్గర ఒక సెన్సర్ ఉంటుంది. ఆ సెన్సర్‌కు వేలంత మీట, ఆ మీటకు పెన్సిల్ అంత సన్నని కడ్డీ. కడ్డీ రెండో కొస చక్రాన్ని పట్టుకున్న ఇనుప చేతికి తగిలించి ఉంటుంది. చక్రం పైకీ కిందికీ ఆడితే కడ్డీ ఆడుతుంది, మీట తిరుగుతుంది, ఆ మూల ఎంత ఎత్తులో ఉందో చెప్పే ఒక సంఖ్య కంట్రోల్ పెట్టెకు పోతుంది. ఎత్తు తగ్గితే పెట్టె గాలి నింపిస్తుంది, పెరిగితే వదిలిస్తుంది. ఇంతకన్నా బ్రహ్మవిద్య ఏమీ లేదు.

రాజమల్లు బాధంతా స్పీడ్ బ్రేకర్లతో. సర్కారు వేసినవి కొన్నే. మిగతావి ఊళ్లవాళ్లు సిమెంటు కలిపి తమంతట తాము పోసుకున్నవి. ఒకటి మోకాలెత్తు, ఇంకొకటి గేదె వీపంత. ప్రతిదానికీ కారు పొట్ట గీసుకుంటుంది. దీనికి బజారులో ఒక మాడ్యూల్ దొరుకుతుంది. అరచేతిలో పట్టే పెట్టె. సెన్సర్లకూ కంట్రోల్ పెట్టెకూ నడుమ దాన్ని కలిపితే, ఫోన్‌లో గుండీ నొక్కగానే కారు రెండు అంగుళాలు పైకి లేస్తుంది. స్పీడ్ బ్రేకర్ దాటాక మళ్లీ నొక్కితే దిగుతుంది.

మౌనిక దాన్ని శుక్రవారం సాయంత్రం బిగించింది. శనివారం అంతా కారు బాగా నడిచింది. ఆదివారం పొద్దున కిరాయికి బయలుదేరిన కారు ఊరు దాటకముందే ముందు అద్దం కింద డాష్‌బోర్డులో పసుపు దీపం వెలిగింది. సస్పెన్షన్‌లో లోపం అని అక్షరాలు వచ్చాయి. కాసేపటికి ఎడమ వెనుక మూల ఒక్కటే పైకి లేచి అలాగే నిలిచిపోయింది.

“కుక్క కాలెత్తినట్టున్నది రాజన్నా, కరెంటు స్తంభం కాడ ఆపకు,” అన్నారట హోటల్ దగ్గర కూర్చున్నవాళ్లు. రాజమల్లుకు ఆ మాట దీపం కంటే ఎక్కువ మండించింది.

చదవకముందే విప్పడం

నేను షాపుకు చేరేసరికి రాజమల్లు కారుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. మౌనిక చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడింది.

“సుగుణమ్మా, నువ్వన్న చెప్పు. శుక్రారం దాక నా బండి పువ్వు లెక్క నడిచింది. గీ పిల్ల చెయ్యి పెట్టింది, గిట్లయింది.”

“పువ్వు లెక్క నడిస్తె నా దగ్గరికెందుకొచ్చినవన్నా? కింద గీసుకుంటుందనే గదా?”

“సూడు, మళ్ల నోరు.”

“ఇప్పుడు నాకు మిగిలిందే నోరు. గదన్న ఉండనియ్యి.”

బల్ల మీద మాడ్యూల్ కనిపించింది. దాని వైర్లు చుట్టచుట్టి పక్కన పెట్టి ఉన్నాయి.

“ఇదెందుకు బయట ఉంది?” అని అడిగాను.

“నిన్న తీసేసిన పెద్దమ్మా. పాత కనెక్టర్లు ఎట్లున్నయో అట్లనే పెట్టిన. అయినా దీపం పోలే.”

“తప్పు లేకపోతె ఎందుకు తీసినవ్?” రాజమల్లు అందుకున్నాడు. “తీసినంక గూడ దీపం పోలేదంటె ఏందన్నట్టు? లోపల పెట్టె కాలబెట్టినవన్నట్టు. హైదరాబాద్‌ల పెద్ద వర్క్‌షాపుకు ఫోన్ చేసిన. వాళ్లు గూడ గదే అన్నరు. బుధారం పొద్దుగాల లారీ వస్తది. బండిని ఎక్కిచ్చి పంపిస్త. వాళ్లు కొత్త పెట్టె ఏస్తరు, అది నువ్వే కట్టాలె. కట్టనంటె పెద్దమనుషుల్ల పంచాయితి పెడ్త.”

ఆ కారు కంట్రోల్ పెట్టె ఖరీదు మౌనికకు తెలుసు, నాకు తెలుసు. షాపులో ఉన్న, కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్‌తో సహా అన్నీ అమ్మినా చాలదు. అంటే బుధవారం ఆ కారు లారీ ఎక్కితే మౌనిక షాపు మూతపడుతుంది. వర్క్‌షాపువాళ్లు ముందే పేరు పెట్టిన రోగానికి వేరే మందు వెతకరు. పెట్టె మారుస్తారు, పనిలో పనిగా మిగతావీ సర్దుతారు, దీపం ఆరిపోతుంది. తప్పు ఎక్కడుందో ఎప్పటికీ బయటపడదు.

ఇక్కడ కొత్తవాళ్లకు ఒక మాట. భయపడి విప్పడం మన పనిలో అన్నిటికన్నా చెడ్డ అలవాటు. మౌనిక మాడ్యూల్ విప్పే ముందు స్కానర్ పెట్టి అది చెప్పే సంఖ్యలు చదవాల్సింది. చదివి ఉంటే ఆదివారమే సగం సంగతి తెలిసేది. విప్పేసరికి రెండు నష్టాలు జరిగాయి. సాక్ష్యం చెదిరింది. తప్పు ఒప్పుకున్నట్టుగా బండి గలాయనకు కనిపించింది. ఈ మాట ఆమెకు అక్కడే చెప్పాను. తల ఊపింది. అప్పుడు ఓదార్చడానికి టైం లేదు.

ఖాదర్ సాబ్ ప్రశ్న

డిపోలో పనిచేసే మా ఆయన పోయిన తర్వాత నాకు అక్కడే బ్యాటరీ గదిలో ఉద్యోగం ఇచ్చారు. ఫోర్‌మన్ ఖాదర్ సాబ్. పొడుగు మనిషి, తక్కువ మాట. మొదటి ఏడాది నన్ను బస్సు ముట్టుకోనివ్వలేదు. బ్యాటరీల్లో నీళ్లు పోయడమే నా పని. ఆయన గొప్ప పనివాడు. మంచి గురువు మాత్రం కాదు. ఏం చేయాలో చెప్పేవాడు, ఎందుకో చెప్పేవాడు కాదు. ఎందుకని అడిగితే, “పహలే కరో, సమజ్ బాద్‌ల వస్తది,” అనేవాడు, ముందు చెయ్యి, తెలివిడి తర్వాత వస్తుందని. కొందరికి అది ఎప్పటికీ రాలేదు.

కానీ ప్రతి బండి దగ్గరా ఆయన అడిగే ప్రశ్న ఒకటుండేది: “దీన్ని ఆఖరుకు ఎవరు ముట్టుకున్నరు?” హారన్ మోగకపోతే, నిన్న లైటు మార్చినవాడు ఏ వైరు లాగాడో చూడు. లైటు రాకపోతే, బంపర్ విప్పినవాడిని పిలువు. పదింట తొమ్మిదిసార్లు ఆయన మాటే నిజమయ్యేది.

ఆ సోమవారం నేనూ అదే ప్రశ్న అడిగాను.

“శుక్రవారం మౌనిక బిగించాక బండిని ఇంకెవరైనా ముట్టుకున్నారా, రాజమల్లూ?”

“ఎవ్వలు ముట్టలే. నడిపింది నేనే, కడిగింది నేనే. కొత్త సామాను ఏసినం గదా అని ఆదివారం పొద్దుగాల కొబ్బరికాయ కొట్టినం, నిమ్మకాయలు తొక్కిచ్చినం. గంతే.”

సరే అని తల ఊపి పనిలోకి దిగాను.

ఫ్యూజులు చూశాం. బాగున్నాయి. కనెక్టర్లు ఒక్కొక్కటి విప్పి లోపలి సూదులు వంగాయేమో టార్చి పెట్టి చూశాం. ఒక్కటీ వంగలేదు. మౌనిక పని శుభ్రంగా ఉంది. ఒక్క వైరు కోయలేదు, ఒక్క అతుకు లేదు. స్కానర్‌తో లోపాల జాబితా చెరిపేశాం. పసుపు దీపం ఆరిపోయింది! బండిని నిలిపి గంటసేపు ఇంజన్ నడిపాం. వెలగలేదు.

“అయిపోయిందా?” రాజమల్లు నమ్మలేనట్టు అడిగాడు.

“ఒక్క చుట్టు తిరిగి రా,” అన్నాను.

పోయినవాడు అరగంటలో తిరిగొచ్చాడు. కారు వెనక కాలు ఎత్తి ఉంది. దీపం వెలుగుతోంది. మౌనిక మొహం మాడిపోయింది. నాకు మాత్రం లోపల చప్పట్లు కొట్టాలనిపించింది. కాలిపోయిన పెట్టె గంటసేపు బుద్ధిగా ఉండి, రోడ్డెక్కాక అల్లరి చేయదు. కాలింది కాలినట్టే ఉంటుంది. ఇది పెట్టె కాదు. ఏదో కదిలితే వచ్చే లోపం!

ఈ సంగతి రాజమల్లుకు చెప్పాను.

“నువ్వు నీ శిష్యురాలి దిక్కు మాట్లాడ్తవ్ సుగుణమ్మా. లారీకి చెప్పిన, వస్తది,” అన్నాడు.

మంగళవారం

ఆదిలాబాద్‌లో నేను రెండేళ్లు పనిచేశాను. అక్కడ విఠల్ అని ఒక డ్రైవర్. ఒక బస్సు లైట్లు మసకబారుతున్నాయని రోజూ రాసేవాడు. మేం డిపోలో చూస్తే లైట్లు పట్టపగల్లా వెలిగేవి. మూడుసార్లు చూసి మూడుసార్లు ‘బాగుంది’ అని రాసి పంపాం. నాలుగోసారి ఆయన నా దగ్గరికి వచ్చాడు.

“మేడం, గిది డిపోల ఉన్నంతసేపు అత్తగారింట్ల కోడలు లెక్క ఒద్దికగుంటది. ఘాట్ ఎక్కినంక దీని అసలు గుణం బయటపెడ్తది. మీరొక్కపారి నా ఎంబడి రాండ్రి.”

వెంట పోయాను. ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్ వెనక్కి ఒరిగితే, ఒక వైరు బిగువై దాని కొస వదులయ్యేది. చదునులో ఆ వైరు సరిగ్గానే ఉండేది. ఆ రోజు నుంచి నేను పెట్టుకున్న నియమం ఇది: బండి ఎక్కడ చెడుతుందో అక్కడికి మనం పోవాలి. అది మన దగ్గరికి వచ్చి చెడదు.

మంగళవారం పొద్దున స్కానర్ ఒళ్లో పెట్టుకుని రాజమల్లు పక్కన కూర్చున్నాను. మౌనిక వెనక సీట్లో. స్కానర్ తెర మీద నాలుగు సంఖ్యలు, నాలుగు మూలల ఎత్తులు. బైపాస్ మీద నాలుగూ సన్నగా ఆడుతున్నాయి. చొప్పదండి దారి పట్టాం. మొదటి స్పీడ్ బ్రేకర్ కనిపించింది.

“మెల్లగా దాటించు,” అన్నాను.

ముందు చక్రాలు ఎక్కాయి. ముందటి సంఖ్యలు రెండూ ఎగిరిపడ్డాయి. వెనక చక్రాలు ఎక్కాయి. కుడి వెనుక సంఖ్య ఎగిరింది. ఎడమ వెనుకది కదల్లేదు.

“ఆగింది!” మౌనిక సీటు మీది నుంచి ముందుకు దూకినంత పని చేసింది. “పెద్దమ్మా, గది ఆగింది! సచ్చినట్టు పడున్నది!”

“ఏంది? ఏం సచ్చింది?” రాజమల్లు బ్రేకు తొక్కాడు.

అంతలో పసుపు దీపం వెలిగింది. వెనక కంప్రెసర్ గొణుగుతూ గాలి నింపడం మొదలుపెట్టింది. ఎడమ వెనుక మూల నిజంగా లేస్తోంది. సంఖ్య మాత్రం లేవడం లేదు. పాపం, కంట్రోల్ పెట్టె ఏం చేస్తుంది? ‘ఇంకా లేవలేదు, ఇంకా లేవలేదు’ అని గాలి కొట్టిస్తూనే ఉంది. అంటే పెట్టె బాగుంది. తనకు అందిన మాటను నమ్మి తన పని తాను చేస్తోంది. అందిన మాటే తప్పు.

షాపుకు తిరిగొచ్చి, బండి కింద నిలబడి పని చేసుకునే గుంత మీద కారును నిలబెట్టాం. ముందు సెన్సర్‌ను అనుమానించాం. అనుమానం తీరే దారి తేలికైనదే. కుడి వెనుక సెన్సర్ ఎడమకు, ఎడమది కుడికి మార్చి చూడటం. లోపం సెన్సర్‌తో పాటు కుడికి పోతే సెన్సర్ చెడినట్టు. మౌనిక గుంతలోకి దిగి, ఎడమ సెన్సర్ మీటను కడ్డీ పై కొస నుంచి ఊడబెరికి, రెండు బోల్టులు విప్పి మార్చింది. మళ్లీ రోడ్డెక్కాం, మళ్లీ అదే స్పీడ్ బ్రేకర్. లోపం కుడికి పోలేదు. ఎడమనే ఉంది. సెన్సర్ బాగుంది!

అయితే వైరు. సాయంత్రం దాకా ఎడమ వెనుక వైరును కొస నుంచి కొసకు కొలిచాం. కరెంటు సరిగ్గా వస్తోంది. ఎర్తు బాగుంది. వైరును లాగాం, వంచాం, ఊపాం. మీటరు ముల్లు బెదరలేదు.

నాలుగు గంటలప్పుడు మౌనిక ఫోన్ మోగింది. బడి వ్యాన్లు నడిపే ఒకాయన. తన ఐదు వ్యాన్ల వైరింగ్ పనంతా ఈ నెల నుంచి మౌనికకే ఇస్తానన్నవాడు. “ఇప్పుడు వద్దులే బిడ్డా. చొప్పదండి బండి కంప్యూటర్ కాలబెట్టినవట గదా, అందరు అనుకుంటున్నరు. పిల్లలు ఎక్కే బండ్లు, నాకు భయం,” అన్నాడు. ఆమె “సరే సార్,” అని ఫోన్ పెట్టేసింది. గుంతలోకి మళ్లీ దిగింది. అదే వైరును మొదటి నుంచి మళ్లీ కొలవడం మొదలుపెట్టింది.

సెన్సర్ బాగుంది, వైరు బాగుంది, పెట్టె బాగుంది, సంఖ్య మాత్రం ఆగుతోంది. ఆ రోజు ఇంటికి పోతూ నా జీవితంలో ఇంత మంచి చిక్కు ఎప్పుడూ చూడలేదనుకున్నాను. ఆ పిల్ల షాపు దాని మీద వేలాడుతోందని గుర్తొచ్చినప్పుడల్లా ఆ సంబరానికి సిగ్గేసింది.

లారీ వచ్చింది

బుధవారం ఏడున్నరకు లారీ షాపు ముందు ఆగింది. వెనకాలే మోటారు సైకిల్ మీద రాజమల్లు, వాళ్లమ్మ లచ్చవ్వ దిగారు. ఆమెకు డెబ్బై అయిదేళ్లుంటాయి. కొడుకు బండి దూరం పోతోందని సాగనంపడానికి కొబ్బరికాయ పట్టుకొచ్చింది.

“లారీకి ఒక్క అరగంట ఆగమని చెప్పు, రాజమల్లూ,” అన్నాను.

“నిన్నంత జూసినవ్ గదా సుగుణమ్మా?”

లారీ డ్రైవర్ కిటికీలోంచి తల పెట్టి, “పెద్దమ్మ అడుగుతుంది గదా, ఆగుదాం తీ. నాకు గూడ చాయ్ తాగాలె,” అని దిగి హోటల్ వైపు పోయాడు. ఆయన చాయ్ ఎంత మెల్లగా తాగితే అంత మంచిదనుకుంటూ గుంతలోకి దిగాను. నా మోకాళ్లు ఒప్పుకోలేదు. నేను వాటిని అడగలేదు.

“మౌనికా, నిన్నటిలాగే కడ్డీ పై కొస ఊడబెరుకు. ఇప్పుడు మీటను చేత్తో తిప్పు. రాజమల్లూ, నువ్వు స్కానర్ చూసి సంఖ్య చదువు.”

మౌనిక మీటను తిప్పింది.

“పెరుగుతుంది,” పైనుంచి రాజమల్లు గొంతు. “ఇంకా పెరుగుతుంది. ఇప్పుడు తగ్గుతుంది. అరె, మంచిగనే తిరుగుతుంది గదా!”

“కడ్డీ మళ్లీ తగిలించు. ఇప్పుడు జాకీ పెట్టి బండిని లేపండి.”

బండి లేచింది.

“ఆగింది,” అన్నాడు రాజమల్లు.

మౌనిక, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చేత్తో తిప్పితే తిరుగుతుంది. కడ్డీ తిప్పాల్సి వస్తే తిరగదు. ఇద్దరం ఒకేసారి అన్నాం: “కడ్డీ!”

రెండు రోజులు మేం వైర్లు చూశాం. మా కళ్లకు వైర్లే అలవాటు. ఒక్కసారి కూడా ఆ కడ్డీని పై నుంచి కింది దాకా చూడలేదు. చూసినా రెండు కొసలూ తగిలించి ఉన్నట్టే కనిపించేది. కింది కొస దగ్గర మాత్రం కొంచెం లావుగా ఉంది. నల్లగా, గ్రీజూ బురదా పట్టి. ఆ కారు కింద అన్నీ నల్లగానే ఉంటాయి. టార్చి మౌనికకిచ్చి చేయి పెట్టాను. వేళ్లకు ఇనుము తగల్లేదు, రబ్బరు తగల్లేదు. ఉన్ని తగిలింది.

“తాడు!” అన్నాను. “ఇక్కడ తాడు ఉంది. చుట్లు చుట్లుగా ఉంది.”

నల్ల ఉన్నితాడు. కడ్డీ కింది కొసనూ, ఇనుప చేతినీ కలిపి గట్టిగా చుట్టి ముడి వేసి ఉంది. ఆ కొసలో ఒక ప్లాస్టిక్ గిన్నె, ఇనుప చేతికి ఉన్న గుండు మీద టక్కున కూర్చుని ఉండాలి. తాడు బిగువుకు మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే గిన్నె గుండు నుంచి ఊడిపోయింది. ఊడినదాన్ని తాడు కింద పడనివ్వలేదు, అక్కడే పట్టుకుని ఉంచింది. అందుకే చూసినవాళ్లకు తగిలించి ఉన్నట్టు కనిపించింది. చిన్న కదలికకు తాడు పట్టు చాలేది, బండి బాగా లేస్తే మాత్రం కడ్డీ ఆ తాడు చుట్లలో జారుతోంది. పైన మీట కదలడం లేదు.

పైనుంచి లచ్చవ్వ వంగి చూసింది.

“గా తాడు జోలికి పోకుండ్రి చెల్లె. అది నేను కట్టిన.”

రాజమల్లు స్కానర్ బల్ల మీద పెట్టి గుంత అంచుకు వచ్చాడు.

“అవ్వా! నువ్వెప్పుడు కట్టినవే?”

“ఆదివారం నువ్వు తానం జేసేటప్పుడు. బండికి కొత్త సామాను ఏసినవ్, బండి పైకి లేస్తదని వాడకట్టోళ్లందరికి సూపెట్టినవ్. అందరి కండ్లు దానిమీదనే. దిష్టి తగులదార? మీ బాపు లారీ నడిపిన దినాలల్ల ఇరుసుకు కట్టేదాన్ని. ముందట కడితె దొంగలు కోసుకపోతరు. చక్రం ఎనక కడితె ఎవ్వలకు కనవడదు.”

“గంత సందుల నీ చెయ్యెట్ల పోయిందే?”

“మొదలు పోకపోతుండె. ఆనాడు నువ్వు లేపి పెట్టినవ్ గదా, పోయింది. మంచిగ సందు దొరికింది.”

మౌనికకు నవ్వాగలేదు. గుంత గోడకు ఆనుకుని, కళ్లలో నీళ్లు కారేదాకా నవ్వింది. ఆ నవ్వులో మూడు రోజుల ఏడుపు కూడా ఉంది.

ఖాదర్ సాబ్ ప్రశ్నలో లోటు ఆ నిమిషంలో నాకు తెలిసింది. ‘ఎవరు ముట్టుకున్నరు’ అని నేను అడిగాను. రాజమల్లు అబద్ధం చెప్పలేదు. కొబ్బరికాయ, నిమ్మకాయలు అని చెప్పాడు కూడా. మా ఇళ్లలో కొత్త బండి వస్తే పాస్టరు దాని మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేస్తాడు. వాళ్ల ఇళ్లలో పూజ చేస్తారు. వాళ్లూ మేమూ ఎవరమూ దాన్ని బండిని ముట్టుకోవడంగా లెక్కపెట్టం. మెకానిక్ ముట్టుకుంటేనే ముట్టుకున్నట్టు. మాడ్యూల్ వేసిన రెండు రోజులకే దీపం వెలిగితే అందరం మాడ్యూల్‌నే చూస్తాం. కానీ ఈ ఊళ్లలో బండికి కొత్త సామాను వేసిన ప్రతిసారీ పూజ కూడా జరుగుతుంది. ఆ రెండూ జంటగా వస్తాయి. కొత్తవాళ్లు ఇది రాసిపెట్టుకోండి. బండి బాగున్న చివరి నిమిషం నుంచి చెడిన మొదటి నిమిషం దాకా దాని చుట్టూ ఏమేం జరిగిందో అంతా అడగండి. పని కానిది కూడా అడగండి.

మౌనిక కత్తెర తీసింది.

“కత్తెర పెట్టొద్దు!” లచ్చవ్వ అరిచింది. “కట్టిన చెయ్యే విప్పాలె.”

“సరే అక్కా, నువ్వే విప్పు,” అన్నాను.

ఫోన్‌లో గుండీ నొక్కి బండిని లేపుదామంటే మాడ్యూల్ బల్ల మీద ఉంది. ఉన్నా లాభం లేదు. మూడు రోజులుగా అదే పనిగా గాలి కొట్టి, కంప్రెసర్‌కు కరెంటు ఇచ్చే రిలే కాలిపోయిందని అప్పుడే తెలిసింది. జాకీతోనే ఇంకొంచెం ఎత్తి, కింద దిమ్మెలు పెట్టాం. లచ్చవ్వ పీట మీద కూర్చుని చక్రం వెనకకు చెయ్యి పోనిచ్చింది. కళ్లు మూసుకుని వేళ్లతోనే ముడి వెతికింది. లారీ డ్రైవర్ చాయ్ గ్లాసుతోనే వచ్చి నిలబడ్డాడు.

“హైదరాబాద్‌ల మా బావను చూసి వద్దామనుకున్న. నీ తాడు నన్ను గూడ ఆపింది ముసలవ్వా.”

“మంచిదేనాయె. నీ బావకు గూడ దిష్టి తగులకుంటది,” అంది ఆమె, చెయ్యి తీయకుండానే.

ముడి వచ్చింది. మౌనిక గిన్నెను గుండు మీద పెట్టి అదిమింది. టక్. ఆ చప్పుడు నా చెవుల్లో ఇంకా ఉంది. గిన్నె అంచు చిట్లింది కానీ కొత్తది వచ్చేదాకా పట్టి ఉంటుంది. కొత్త రిలే పెట్టాం. టేపుతో నాలుగు మూలల ఎత్తులు నేను కొలిచి చెబితే, మౌనిక స్కానర్‌లో ఎక్కించింది. లోపాలు చెరిపాం. దీపం ఆరింది.

నలుగురం కారెక్కాం. మొదటి స్పీడ్ బ్రేకర్. నాలుగు సంఖ్యలూ ఎగిరిపడ్డాయి! రెండోది. మూడోది, గేదె వీపంతది. మౌనిక గట్టిగా సంఖ్యలు చదువుతోంది. లచ్చవ్వ ఒక్కటీ అర్థం కాకపోయినా ప్రతిదానికీ “ఆఁ” అంటోంది. చొప్పదండి దాకా పోయి వచ్చాం. దీపం వెలగలేదు.

షాపు ముందు దిగాక రాజమల్లు కారు తాళాలు మౌనిక చేతిలో పెట్టాడు.

“మాడ్యూల్ మల్ల పెట్టు బిడ్డా,” అన్నాడు.

“పెడ్త అన్నా. అవ్వ తాడు మాత్రం లోపటి అద్దానికి కట్టుకోండ్రి. అక్కడ ఎన్ని చుట్లు చుట్టినా నాకు ఫికర్ లేదు.”

“అద్దానికి కడ్తె చక్రానికేం పనిజేస్తది?” అని లచ్చవ్వ అడిగింది. మౌనిక మాడ్యూల్ వైర్ల చుట్ట విప్పుతూ కారు వైపు పోయింది.

లెక్క

మాడ్యూల్ తప్పు చేయలేదు. అయితే మాడ్యూల్ కారును అంత ఎత్తకపోతే ఆ చెయ్యి అక్కడికి పోయేది కాదు. రెండూ నిజమే. ఒక్క కారణం దొరకగానే వెతకడం ఆపేసే పనివాళ్లను నేను డిపోలో చాలామందిని చూశాను. వాళ్ల బండ్లు మళ్లీ మళ్లీ వెనక్కి వచ్చేవి.

పోయినవి ఇవి. కంప్రెసర్ రిలే ఒకటి. ప్లాస్టిక్ గిన్నె ఒకటి, కడ్డీతో సహా మార్చాల్సి వచ్చింది. రాజమల్లుకు నాలుగు రోజుల కిరాయిలు. అందులో ఆదివారంది ఒక కాన్పు కేసు. వాళ్లు వేరే బండిలో పోయారు, తల్లీ బిడ్డా బాగానే ఉన్నారు. లారీ డ్రైవర్‌కు ఒక పూట. మౌనికకు మూడు రోజుల పని, ఐదు బడి వ్యాన్లు. ఆ వ్యాన్ల కోసం రాజమల్లు తనే వాళ్ల అమ్మను వెంటబెట్టుకుని వ్యాన్లాయన ఇంటికి పోయాడు. తప్పు పిల్లది కాదు, మాదేనని చెప్పాడు. ఆయన అంతా విన్నాడు, ఇద్దరికీ చాయ్ ఇచ్చాడు. వ్యాన్లు మాత్రం ఇవ్వలేదు.